తీరిన మొక్కు, తీరని మొక్కు

ఇగో, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండ్రి. పత్తికట్టె తొందరగ అంటుకుంటది, తొందరగనే ఆరుతది, ఊకె ఎగదోయకుండ్రి. మీ అన్నచెల్లెండ్ల లొల్లి ఇందాకట్నుంచి వింటనే ఉన్న. చెల్లె ఏమంటది? చిల్కూరు బాలాజీకి మొక్కిన, వీసా వచ్చింది, దేవుడే ఇచ్చిండు అంటది. డాక్టరు చదువుతున్న అన్న ఏమంటడు? దేవుడు కాదు, నీ నమ్మకమే నిన్ను నిలబెట్టింది అంటడు. ఇద్దరు గూడి నన్ను పంచాయితీకి పిలిచిండ్రు. సరే, చెప్త. గని ముందుగాల నేను చూసినవి, మా తాత చూసినవి కొన్ని ఉన్నయి, అవి వినాలె. తీర్పు తర్వాత.

వాన ముచ్చటతోని మొదలువెడ్త.

మా చిన్నతనంల ఈ చేవెళ్ల దిక్కు బోర్లు ఎక్కడియి? బావి, చెరువు, మొగులు, ఇవే దిక్కు. మిరుగు కార్తె దాటి ఆరుద్ర సగమైనా చినుకు రాలకపోతే ఊర్ల పిల్లలు కప్పతల్లి ఆడుదురు. ఎట్లంటె, ఒక కప్పను పట్టి, పాతగుడ్డల ఇన్ని వేపమండలు వెట్టి, అండ్ల కప్పను కూసోవెట్టి మూట గట్టి, ఆ మూటను రోకలికి నడుమ వేలాడగట్టేది. రోకలిని చెరో కొస ఇద్దరు పిల్లలు భుజం మీద పెట్టుకొని పాటవాడుకుంట ఇల్లిల్లు తిరిగేది. ఇంటామె బిందె తెచ్చి రోకలి మీద, కప్ప మీద, పిల్లల నెత్తుల మీద నీళ్లు కుమ్మరిచ్చేది. చేటతోని ఇన్ని బియ్యమో జొన్నలో పోసేది. మూటల కప్ప బెకబెకమంటే "అగో, తల్లి పిలుస్తున్నది, ఇగ వాన వస్తది" అనెటోళ్లు. నేను గూడ ఓ కొస మోసిన. రోకలి బరువుకు భుజం కమిలిపోయేది గని, ఎండల ఆ చల్లటినీళ్లు పడుతుంటే ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు అని ఉరికెటోళ్లం.

అటు గుళ్లె విరాటపర్వం చదివిచ్చెటోళ్లు. తురకోళ్లు ఊరి బయటికి పోయి ఎండల నిలబడి వాన నమాజు చదివెటోళ్లు. ఓ నాలుగొద్దులకో వారానికో వాన దంచికొట్టేది. అప్పుడు ఎవరికి వాళ్లు మా మొక్కే పారిందని సంబురపడెటోళ్లు. కొట్లాట గూడ లేకుండె, అందరి చేన్లు తడిసినయి గద.

ఓసారి నేను మా నాయనమ్మను అడిగిన. కప్ప పిలిస్తే నిజంగ వాన వస్తదానే అని. ఆమె రోటికాడ కూసోని కారం దంచుతున్నది. చెయ్యి ఆపకుంటనే చెప్పింది. "కప్పతల్లిని మిరుగు నాడే ఎందుకు ఆడరురా? వాన ఆలస్యమైనంకనే ఆడుతరు. ఆలస్యమైన వాన, ఆడినా ఆడకున్నా వచ్చే దినానికి దగ్గరపడుతనే ఉంటది. వాన రాని ఏండ్లల్ల గూడ ఆడినం. ఆ ఏండ్ల ముచ్చట ఎవరన్న చెప్తరా?"

అంతే అన్నది. మళ్ల ఏడు పిల్లలు గడపకాడికి వస్తే అందరికన్న ముందు బిందె ఎత్తింది ఆమెనే. అదేందే, నమ్మవు గద అంటే, "నమ్మనని ఎవలన్నరు? లెక్క చెప్పిన అంతే" అన్నది. మా ఇంట్ల ఈ పంచాయితీ మీతోని మొదలు గాలేదని తెలిసేటందుకు చెప్తున్న.

ఇగ పాము ముచ్చట. ఇది జరంత పెద్దది.

పాత హైదరాబాదు రాజ్యంల పాము కుడితే జనం ఎవరి పేరు తీసుకునెటోళ్లో ఎరుకనా? ఆరో నిజాం, మహబూబ్ అలీ ఖాన్ పేరు. 1869ల పసిపిల్లగాడిగ గద్దెనెక్కి 1911ల సచ్చిపోయిండు. ఆయన దగ్గర పాము విషం దింపే మహిమ ఉన్నదని నమ్మకం. పాము కుట్టినోడు వస్తే నట్టనడి రాత్రయినా నన్ను లేపుండ్రి అని నౌకర్లకు హుకుం ఇచ్చిండని చెప్పుకునేది. పాషా ఉన్న జాగకు పోలేనోళ్లు పాము కుట్టంగనే "మహబూబ్ పాషా దుహాయి" అని ఆయన పేరు మీద ఆన వెట్టుకునెటోళ్లు. ఆయన పోయినంక గూడ మక్కా మసీదుల ఆయన గోరీ కాడికి పోయి మొక్కినోళ్లున్నరు. హిందువులు పోయేది, తురకలు పోయేది. విషం ముంగట మతమేంది?

మా ఊర్లకైతే పాషా రాకపాయె. పక్క ఊర్ల పాము మంత్రం వేసే ముసలాయన ఒకడుండె. మంత్రానికి పైస ముట్టెటోడు గాదు. ముడితే మంత్రం పనిచెయ్యదని వాళ్లకు కట్టడి. సగం బువ్వల ఉన్నా సరే, పాము కుట్టిందని మనిషి వస్తే చెయ్యి కడుక్కొని లేచెటోడు.

ఒక వానకాలం మా మేనమామను నాట్లకాడ బురదల పాము కుట్టింది. మడిమకాడ రెండు గాట్లు, నెత్తురు కారుతున్నది. మనిషి గజగజ వణుకుతున్నడు, చెమటలు, కండ్లు తేలేసిండు. మంచం మీద ఏసుకొచ్చిన్రు. ముసలాయన వచ్చి ముందుగాల చుట్టున్న మందిని దూరం కొట్టిండు. ఏడుస్తున్న ఆడోళ్లను లోపలికి పొమ్మన్నడు. నోట్లె వేపాకు పెట్టి నమలమన్నడు. చేదున్నదా అని అడిగిండు. విషమెక్కితే వేపాకు చేదు తెల్వదు, మిరపకాయ కారం తెల్వదు అని అప్పటి పరీక్ష. చేదున్నది అన్నడు మామ. "అయితే నీకేం గాదు, నేనున్న" అని వేపమండ పట్టుకొని మోకాలు నుంచి కిందికి దిగదుడుచుకుంట మంత్రం చదివిండు. అంత కలిపి జాముసేపు. మామ వణుకు తగ్గింది, నిద్రపట్టింది. పొద్దుగాల లేచి గటుక తాగిండు. ఊరంత ముసలాయన కాళ్లు మొక్కింది.

అదే వానకాలం, నెల తిరగకముందే, మా చిన్నమ్మ. కింద చాప మీద పండుకున్నది. నడిరాత్రి లేచి, వేలికి ఏదో చీమ కుట్టినట్టు అనిపిచ్చిందని చెప్పి మళ్ల పండుకున్నది. వాపు లేదు, నెత్తురు లేదు. కొంచెం సేపటికి కడుపుల నొప్పి అన్నది. అటెన్క కండ్లు మూతలు పడుతున్నయి, రెప్ప లేవదు. మాట ముద్దముద్దగ వస్తున్నది. చిన్నాయన దీపం పట్టుకొని చూస్తే చాప కింద కట్లపాము. ఉరికి ముసలాయనను తీసుకొచ్చిండు. అదే మనిషి, అదే మంత్రం, అదే వేపమండ. ఓ గడియ చదివి, ఆయన మండ కింద వెట్టిండు. "ఇది నా చేతుల లేదు, పట్నం దవాఖానకు తీసుకపోండ్రి" అన్నడు. బండి కట్టిన్రు. పట్నం అప్పుడు బండి మీద ఎంత దూరం! ఊరు దాటి చెరువు కట్ట ఎక్కేసరికి చిన్నమ్మకు ఊపిరి ఆగిపోయింది.

ఇప్పుడు ఈ డాక్టరు చదివే నా మనవడు దాని మర్మం విప్పి చెప్పిండు. మన దిక్కు మనుషులను ఎక్కువ చంపేటియి నాలుగు జాతులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇంకో చిన్నజాతి పింజర. మిగిలిన పాములు శానవాటికి మనిషిని చంపేటంత విషమే లేదట. విషమున్న పాము గూడ ఒక్కోపారి కరిచి విషం దించకుండ పోతదట. మామను కుట్టింది నీరుకట్టె. పొలంల సచ్చిన పామును అందరు చూసిన్రు గూడ. దానికి విషం లేదు. మామ వణికింది విషానికి గాదు, భయానికి. కట్లపాము దంతం సన్నం, కుట్టినట్టు గూడ తెల్వదు. దాని విషం నరాలను పట్టి ఊపిరిని ఆపుతది. దానికి మందు ఒక్కటే, విషానికి విరుగుడు సూది. పాము విషాన్ని గుర్రానికి కొంచెం కొంచెం ఎక్కిచ్చి, దాని నెత్తుర్ల తయారైన విరుగుడును తీసి ఆ మందు చేస్తరట. కాలుకు తాళ్లు గట్టిగ బిగించుడు, కత్తితోని కోసుడు, నోటితోని పీల్చుడు, ఇవన్ని పనికిరావు. కుట్టిన కాలో చెయ్యో కదలకుండ పెట్టి, సక్కగ దవాఖానకు ఉరకాలె. ఇది మాత్రం మీరందరు యాది పెట్టుకోండ్రి.

మా నాయన ఓసారి ఆ ముసలాయనను అడిగిండట. మామ ఎట్ల బతికిండు, చిన్నమ్మ ఎట్ల పోయింది అని. ఆయన చెప్పిన మాట నాయన నాకు చెప్పిండు. "నేను చదివేది పాముకు గాదు బిడ్డా, మనిషికి. మనిషి వింటడు. విషం వినది."

మంత్రం వేసెటోనికి ఆ తెలివుండె. ఊరికి లేకపాయె. చిన్నమ్మ దినాలు గాకముందే జనం నోర్లు లేచినయి. కిందటేడు చిన్నాయన యాదగిరిగుట్టకు తలెంట్రుకలు మొక్కిండట, తీర్చలేదట, అందుకే స్వామి కన్నెర్రజేసిండట. ఇంకొకలు, ముసలాయన మంత్రం వేస్తుంటే చిన్నాయన మనసుల అనుమానపడ్డడట, నమ్మకం లేకుంటే మంత్రమెట్ల పారుతది అని. మామ బతికితే మంత్రం గొప్ప. చిన్నమ్మ పోతే చిన్నాయన తప్పు. మంత్రం ఓడేదెన్నడు మరి? చిన్నాయన ఆ తర్వాత గుట్టకు పోయి తలెంట్రుకలిచ్చిండు. ఏడాదేడాదికి ఇచ్చిండు. నెత్తి మీద వెంట్రుకలు పెరగనియ్యలేదు మనిషి. ఎవరన్న మంచిగున్నవా అంటే, "నేను మొక్కు తీర్చి ఉంటే" అనే మాటతోనే మొదలువెట్టేది. సచ్చేదాక గదే మాట.

మొక్కు ముచ్చట వచ్చినప్పుడల్ల నాకు మామ యాదికి రాడు, చిన్నాయన యాదికొస్తడు.

మూసీ వరద గూడ ఇసుంటిదే. మా తాత అప్పుడు పడుచుపిల్లగాడు. కూరగాయల బండి తోలుకొని పట్నం పోయి అక్కడ్నే చిక్కుకపోయిండు. 1908, సెప్టెంబరు 28. పైన కొండల మీద రెండొద్దులు ఎడతెగకుండ వాన కొట్టింది. మూసీ, ఈసీ రెండు వాగులు ఒక్కపారే పొంగినయి. పైన రెండు వందలకు పైగ చెరువులు తెగినయి. ఒక చెరువు తెగి కింది చెరువుల పడుడు, అది తెగి ఇంకో దాంట్ల పడుడు. ఆ నీళ్లన్ని పట్నం మీద పడ్డయి. అఫ్జల్ గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన పనికిరాకుండ పోయినయి. పాత పూల్ నిలబడ్డది. పదిహేను వేల మంది పోయిన్రని చెప్తరు.

అఫ్జల్ గంజ్ తోటల ఒక చింతచెట్టున్నది. ఇప్పుడు ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉన్నది చూడుండ్రి, అదే. నూటయాభై మంది దాక ఆ చెట్టెక్కి పాణాలు కాపాడుకున్నరు. కింద నీళ్లు సుడులు తిరుగుతుంటే కొమ్మలు పట్టుకొని రాత్రి గడిపిన్రు. నీళ్లు తీసినంక మా తాత ఆ చెట్టుకాడికి పోయిండట. జనం చెట్టుకు పసుపు కుంకుమ వెడుతున్నరు, మొక్కుతున్నరు. చెట్టు మీద ఉన్నోళ్లల్ల ఒకాయన "రాత్రంత రామనామం ఇడువలేదు, అందుకే బతికిన" అన్నడట. పక్కనే ఇంకొకాయన "అల్లా పేరు ఇడువలేదు, అందుకే బతికిన" అన్నడట. మా తాత ఇద్దరికి దండం పెట్టి వచ్చిండు. గని ఇంటికొచ్చినంక, ఈ కథ చెప్పినప్పుడల్ల ఒక మాట కలిపెటోడు. "చెట్టు మీదోళ్లు మొక్కిన్రు, నిజమే. కొట్టుకపోయినోళ్లు మొక్కలేదని ఎవరు చెప్పాలె? చెప్పెటందుకు వాళ్లు లేరు గద."

నిజాం పాషా గూడ మూసీ ఒడ్డుకు వచ్చి, పండితులు చెప్పినట్టు నదికి చీరె, పసుపు, కుంకుమ, బంగారం సమర్పిచ్చి హారతి ఇచ్చిండని, నది తగ్గిందని జనం నోట్ల ఉన్నది. తురక రాజు హిందువుల తీరుగ నదిని బతిమిలాడిండని ఇప్పటికి చెప్పుకుంటరు. ఆ ముచ్చట మా తాతకు మస్తు ఇష్టం. అయితే ఆయన దాన్ని అక్కడ ఆపెటోడు గాదు. హారతి ఇచ్చిన రాజు ఇగ అయిపోయిందని మహల్ల కూసోలేదు. తిండి లేనోళ్లకు వంటశాలలు తెరిపిచ్చిండు. మళ్ల ఇసుంటి వరద రావద్దంటే ఏం చెయ్యాలెనో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చిండు. ఆయన వచ్చి వాగులన్ని తిరిగి చూసి, పట్నానికి పైన రెండు పెద్ద కట్టలు కట్టాలె, వరదను అక్కడ్నే ఆపి మెల్లగ ఇడువాలె అని చెప్పిండు. మూసీ మీద గండిపేట 1920ల అయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927ల అయింది. వాటికి మన దిక్కు భూములు మునిగినయి గూడ, ఉత్తగ రాలేదు. అయితే 1908 అసుంటి నాశనం పట్నం మళ్ల చూడలేదు. బిడ్డా, నువ్వు పదకొండు ప్రదక్షిణలు తిరిగిన చిల్కూరు గుడి ఆ గండిపేట ఒడ్డుకే ఉన్నది. అక్కడ హుండీ లేదు, పైసలు అడగరు, కోరిక తీరితే 108 తిరగమంటరు. ఆ తీరు నాకు నచ్చుతది.

ఇగ ఇంకొకటి, ఇది నా ముచ్చట గాదు, మనవనిది. అమెరికాల పెద్ద డాక్టర్లు దీన్ని పరీక్ష పెట్టే చూసిండ్రట. 2006ల లెక్కలు బయటపెట్టిండ్రు. ఆరు దవాఖానలల్ల గుండె ఆపరేషన్ అయినోళ్లు 1802 మంది. కొందరి కోసం దూరంల ఉన్నోళ్లు రోజు ప్రార్థన చేసిన్రు, కొందరి కోసం చెయ్యలేదు. ఎవరి కోసం చేస్తున్నరో రోగికి తెల్వదు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చింది మొదటోళ్లల్ల నూటికి 52 మందికి, రెండోవాళ్లల్ల 51 మందికి. అంటే తేడా లేదు. మూడో గుంపుకు మాత్రం "మీ కోసం తప్పకుండ ప్రార్థన చేస్తున్నరు" అని చెప్పిన్రట. వాళ్లల్ల 59 మందికి ఇబ్బందులొచ్చినయి. ఎందుకో గట్టిగ చెప్పలేకపోయిన్రు గని, "నా కోసం మొక్కుతున్నరంటే నా పాణం అంత మీదికొచ్చిందా" అని బుగులుపడ్డరేమో అని ఒక అనుమానమట. అది విని నేను మస్తు నవ్విన. మా నాయనమ్మ ఉంటే ఆమె గూడ నవ్వేది. చెప్పకుండ మొక్కాలెరా అనేది.

నువ్వు ఎగిరిపడకు పిల్లగా, దీంతోని దేవుడు లేడని తేలలేదు. దేవుడు ఆ పరీక్షకు కూసుంటనని ఒప్పుకున్నడా ఏంది? తేలింది ఒక్కటే. మొక్కు ఇటు ఏసి ఫలం అటు తీసుకునే యంత్రం గాదది.

ఇప్పుడు నా తీర్పు.

మనిషి లోపల నుంచి పోయే పనులు కొన్నుంటయి. భయం, నిద్ర, ధైర్యం, ఓపిక, పది మందిల నోరు తెరిచి మాట్లాడుడు. వీటి కాడ నమ్మకం పనిచేస్తది. మామ వణుకు దిగింది దాంతోనే. నువ్వు వీసా కిటికీకాడ తడబడకుండ జవాబు చెప్పింది దాంతోనే అని మీ అన్న అంటే, నేను కాదనను. మనిషిని అడగకుండ నడిచే పనులు ఇంకొన్నుంటయి. కట్లపాము విషం, తెగిన చెరువు, కాలం గాని కాలపు మొగులు. అవి మన నమ్మకం మాట వినవు. అక్కడ ఏదన్న మంచి జరిగితే అది దేవుని దయనో, రాతనో, ఉత్తగ అట్ల పడ్డదో నేను చెప్పలేను. దేవుడంటే నాకు భక్తి ఉన్నది. పొద్దుగాల లేవంగనే సూర్యునికి దండం పెడత. అయితే ఆయన ఎవరికి ఇచ్చిండు, ఎవరికి ఇయ్యలేదు, ఎందుకియ్యలేదు అనే చిట్టా నా దగ్గర లేదు. ఉన్నదని చెప్పెటోన్ని నేను నమ్మను.

ఎందుకంటె ఆ చిట్టా రాస్తే రెండో పుట గూడ రాయాలె. బిడ్డా, నీతోని గూడి నీ దోస్తు గూడ చిల్కూరుల తిరిగింది గద. ఆమెకు వీసా రాలేదు. ఆమె నమ్మకం నీ దానికన్న తక్కువున్నదని ఎవరు తూచిన్రు? దేవుడు నీకిచ్చి ఆమెకు వద్దన్నడా? నీ నమ్మకమే పనిచేసిందంటే మాత్రం ఏమైంది? అప్పుడు ఆమెలనే లోపమున్నదని చెప్పినట్టు. చెల్లె మాట పట్టుకున్నా, అన్న మాట పట్టుకున్నా ఆఖరుకు ఆ పిల్ల మీదనే పడుతది. మీ ఇద్దరి లొల్లిల ఈ సంగతి ఇద్దరికి కనబడలేదు.

లష్కర్ బోనాల కథ వినే ఉంటరు. 1813ల పట్నంల గత్తర లేచి మంది పిట్టల్లెక్క రాలిపోతున్నరట. అప్పుడు ఫౌజుల డోలి మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిల ఉండె. మా ఊర్ల గత్తర తగ్గితే నీకు అక్కడ గుడి కడతనని మహంకాళికి మొక్కిండట. తగ్గింది. 1815ల తిరిగొచ్చి కట్టెతోని చేసిన అమ్మవారిని సికింద్రాబాదుల నిలబెట్టిండు. గత్తర ఎట్ల తగ్గిందో నాకెరుక లేదు. ఎప్పటికన్న తగ్గేదేనేమో. గని డోలి మోసెటోడు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నడు, అది కండ్లకు కనబడే ముచ్చట. తగ్గినంక ఎగ్గొడితే అడిగెటోడెవడు? ఆషాఢం వస్తే ఇప్పటికి లక్షల మంది ఆ గడపకు బోనమెత్తుతున్నరు. అట్ల కృతజ్ఞత చెప్పుకునుడుల నాకు ఏ తప్పు కనబడది.

కాబట్టి నా మాట ఇది. మంచి జరిగితే దేవుని పేరు చెప్పుకోండ్రి, బోనమెత్తుండ్రి, 108 తిరుగుండ్రి. దాంతోని ఎవరికి నష్టం లేదు. చెడు జరిగితే మాత్రం నమ్మకం తక్కువైంది, మొక్కు తీర్చలేదు అని ఏ మనిషినీ అనకుండ్రి. మనసుల గూడ అనుకోకుండ్రి.

ఆఁ, అడుగుతవని తెలుసు. మంచికి దేవున్ని పిలిచి చెడుకు పిలవకపోతే లెక్క ఒక దిక్కే అయితది గద తాతా అంటవు. అయితది. లెక్కల పుస్తకంల అయితే తప్పే. ఇది లెక్క గాదురా, మర్యాద. పెండ్లి ఇంటికి పోయి ఒక మాట మాట్లాడుతం, సావు ఇంటికి పోయి ఇంకో మాట మాట్లాడుతం. రెండు ఒక్కతీరుగ ఉండాలెనంటె ఎట్ల?

చిన్నమ్మ పోయిన దినాలల్ల చిన్నాయన వాకిట్ల ఊరంత కూసున్నది. పూజలు చేసెటోళ్లు ఉన్నరు, దేవుడు లేడు గీవుడు లేడు అనెటోళ్లు ఉన్నరు. "నీ తప్పేం లేదు, కట్లపాము విషమే అసుంటిది" అనే ఒక్క మాట అండ్ల ఎవరి నోటినుంచి రాలేదు. ఆ మాట అనెటందుకు దేవుడున్నడా లేడా అనేది తేలాల్సిన పని లేకుండె. బిడ్డా, రేపు పొద్దుగాల వీసా రాని నీ దోస్తుకు ఫోన్ చెయ్యి, ముందు ఆమె సంగతి అడుగు.